కనిపిస్తే ఫోను చేయండి

మేనత్తయ్యకు చీమ నమస్కారాలు.

ఉత్తరం మొదట్లో ‘ఉభయ కుశలోపరి’ అని రాయాలని మా మాస్టారు చెప్పారు. ఉభయుల్లో ఒకరికి, అంటే నాకు, కుశలం లేదు. నువ్వు బాగుంటే సగం కుశలోపరి అనుకుని సర్దుకుపోదాం.

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరమేమిటని ఆశ్చర్యపోకు. నేను ఈ ఏడు హైస్కూల్లో మీడియా కమ్యూనికేషన్స్, గ్రాఫిక్ డిజైన్ తీసుకున్నాను కదా. ఇంట్లో జరిగిన రభస నీ దాకా వచ్చే ఉంటుంది. నాన్న అకౌంట్స్ తీసుకోమన్నారు. "బొమ్మలేసుకుని ఏం చేస్తావే?" అన్నారు. "బొమ్మలు కాదు నాన్నా, దృశ్య భాష" అన్నాను. "అంటే?" అన్నారు. అంటే ఏమిటో నాకూ తెలియదు కనుక ఏడ్చాను. నా వాదనలన్నిటిలోకీ అదే పనిచేసింది. ఒక్క ఏడాది గడువిచ్చారు. ఏడాది చివరి ప్రాజెక్టు గట్టెక్కితే ఇందులోనే కొనసాగుతాను. తన్నేస్తే నోరు మూసుకుని అకౌంట్స్‌లో కూర్చోవాలి. ఒప్పందానికి అమ్మ సాక్షి.

ఆ ప్రాజెక్టేమిటంటే, నిజమైన కొట్టుకి నిజమైన బోర్డు డిజైన్ చేయాలి. అది నిజంగా గోడకెక్కాలి. మాస్టారు ఒక్కరే వెళ్ళి చూసి మార్కులేస్తారు. కొట్టువాళ్ళతో వ్యవహారమంతా ఉత్తరాల్లోనే నడవాలి, ఫోను చేస్తే ప్రాజెక్టు రద్దు. ఉత్తరానికి ఒకే కాగితం, అదీ ఒకే వైపు. "ఒక కాగితంలో చెప్పలేనివాళ్ళు ఒక బోర్డు మీద ఏం చెప్తారు?" అంటారాయన. మేం ఆయన్ని మార్జిన్ మాస్టారు అంటాం. ఏం చూపించినా ముందు చుట్టూ ఎంత మార్జిన్ వదిలామో చూసి, ఆ తర్వాతే మా మొహాలు చూస్తారు.

క్లాసులో అందరూ చురుకైనవాళ్ళు. ఒకడు సెలూను పట్టాడు, ఒకమ్మాయి సైకిలు షాపు పట్టింది. నేను ఆలోచిస్తూ కూర్చున్నాను. ఆలోచిస్తూ కూర్చోవడంలో నన్ను మించినవాళ్ళు లేరు. చివరికి నువ్వు గుర్తొచ్చావు. నీ కళ్ళజోళ్ళ కొట్టు బోర్డు నాకిస్తావా అత్తయ్యా?

మాస్టారిచ్చిన ప్రశ్నలు కొన్ని అడగాలి, తిట్టకు. నీ కొట్టు ఒక జంతువైతే ఏ జంతువు? నీ కొట్టు గొంతు ఎలా ఉంటుంది? నీ దగ్గరికొచ్చేవాళ్ళ కల ఏమిటి?

ఇట్లు,
నీ మేనకోడలు,
చీమ

తా.క.: కాగితం అయిపోయింది, అడుగున అంచులో ఇరికిస్తున్నాను. నీ పాత బోర్డు మీద ఏముందో నాకు గుర్తు లేదు. ఎదురుగా బస్ స్టాప్‌లో దిగి చూస్తే పెద్ద పసుపు మరకలా కనిపించేది. డబ్బులిచ్చి మరీ అంత అలికినట్టు ఎందుకు రాయించావు?

*

చిరంజీవి చీమను మేనత్త దీవించి రాసేది.

నీ ఉత్తరం చేరింది. పోస్ట్‌మ్యాన్ లోపలికొచ్చి "ఉత్తరమమ్మా" అనేసరికి గుండె గుభేలుమంది. ఇన్నేళ్ళలో ఈ కొట్టుకి వచ్చినవన్నీ కరెంటు బిల్లులూ పన్ను నోటీసులే. విప్పి చూస్తే నువ్వు. హమ్మయ్య అనుకున్నాను. చదివాక ఆ హమ్మయ్యని కొంచెం వెనక్కి తీసుకున్నాను.

బోర్డు ఇస్తావా అని బతిమాలుకోవడమేమిటే? నీకు కాక ఎవరికిస్తాను! మీ నాన్న నాకూ ఫోను చేశాడులే. "అక్కా, అది నీ మాటైతే వింటుంది, కాస్త బుద్ధి చెప్పు" అన్నాడు. చెప్పాను, వాడికే. చిన్నప్పుడు వాడు కాకి బొమ్మ వేస్తే ఇంటిల్లిపాదీ గొడుగనుకున్నాం. ఆ ఉక్రోషంతోనే లెక్కల్లో పడ్డాడు, ఇప్పుడు నీ మీద తీర్చుకుంటున్నాడు. ఈ గొడవలో నేను నీ పక్క. నువ్వు తప్పావంటే వాడు నా ముందు మీసం మెలేస్తాడు. అది చూసే ఓపిక నాకు లేదు.

ఇక నీ ప్రశ్నలు. నా కొట్టు జంతువైతే మధ్యాహ్నం పూట కుర్చీలో నిద్రపోయే పిల్లి. పొద్దున కూడా అదే పిల్లి, కాకపోతే మేలుకుని ఉంటుంది. గొంతంటావా, నా గొంతే, వీధి చివరి దాకా వినిపిస్తుంది. వచ్చేవాళ్ళ కల బేరం కుదరాలనే. అసలు వచ్చేవాళ్ళుంటే కదా కలలు! ఎదురుగా బస్ స్టాప్ ఉంది, రోజంతా జనం. అందరూ నా కొట్టు వైపే మొహం పెట్టి కూర్చుంటారు, బస్సు రాగానే ఎక్కి పోతారు. పాత బోర్డు మీద పెయింటరు రెండు కళ్ళు వేశాడు. ఎడమది పెద్దది, కుడిది చిన్నది. దాన్ని చూసి చంటిపిల్లలు జడుసుకుంటున్నారని పక్కింటి టైలరు మొహమాటపడుతూ చెప్పాడు. కాబట్టి ఏం చేసినా ఇంతకంటే చెడిపోదు, ధైర్యంగా చెయ్యి.

నీకు చీమ అని పేరు పెట్టింది నేనేనని గుర్తుందా? ముక్కు కాగితానికి ఆనించి రాసేదానివి, అక్షరాలు చీమల బారులా నడిచేవి. ఇప్పటికీ అంతేలా ఉంది. నాకు కనుక చదవగలిగాను. కళ్ళజోళ్ళు అమ్ముతాను గానీ, నాకింకా వాటి అవసరం రాలేదమ్మా. సూదిలో దారం ఇప్పటికీ నేనే ఎక్కిస్తాను. ఈ మధ్య సూదుల బెజ్జాలు మరీ చిన్నవి చేస్తున్నారు, అది వేరే సంగతి. అన్నిట్లోనూ నాణ్యత పడిపోయింది.

ఇట్లు,
నీ క్షేమం కోరే
మేనత్త

తా.క.: నీ ఉత్తరం అడుగున అంచు పొడుగునా సన్నటి అల్లిక గీశావు. ముచ్చటగా ఉంది. గ్రాఫిక్ డిజైన్ అంటే అదేనా?

*

నా మొదటి క్లయింటు అయిన అత్తయ్యకు, డిజైనర్ చీమ నమస్కారాలు.

నా చేతిరాతని అల్లిక అన్నావు. అత్తయ్యా, ఇప్పటిదాకా నా రాతని తిట్టనివాళ్ళే లేరు, నువ్వు పొగిడావు. ఆ వాక్యం అమ్మకి చదివి వినిపించాను. నాన్న వినేలా మళ్ళీ చదివాను. ఆయన పేపరు మడిచి వేరే గదిలోకి వెళ్ళిపోయారు.

ఇందులో బోర్డు నమూనా పెడుతున్నాను. ముందు మనసు నెమ్మది చేసుకుని చూడు. నీ వీధిలో అన్ని బోర్డులూ అరుస్తాయి. నీది అరవదు. తెల్లటి బోర్డు, నడుమ లేత బూడిద రంగులో సన్నటి అక్షరాలు. మిగతాదంతా ఖాళీ. ఖాళీ అంటే ఏమీ లేకపోవడం కాదు, అది బోర్డు తీసుకునే ఊపిరి. (ఈ మాట మాస్టారిది. నాదైతే ఇంకా పొడుగ్గా ఉండేది, అర్థం ఉండేది కాదు.) దీని కోసం నేను పడిన పాట్లు చెప్పుకుంటే సిగ్గుచేటు. మొదట కళ్ళజోడు బొమ్మ వేశాను, సైకిలులా వచ్చింది. సైకిలు షాపు పట్టిన అమ్మాయి అది అడిగి తీసుకుంది, ఆమెకు మంచి మార్కులొచ్చాయి. ఆ తర్వాత కన్ను వేశాను, చేపలా వచ్చింది. అప్పుడు నాకు బొమ్మలు రావని ఒప్పుకుని, బొమ్మల్లేకపోవడాన్నే నా శైలి అని ప్రకటించాను. క్లాసులో చప్పట్లు కొట్టారు.

నమూనా నచ్చితే ఒక మాట రాయి. నచ్చకపోయినా నచ్చిందనే రాయి, ఈ ఉత్తరాలన్నీ చివర్లో ఫైల్లో పెట్టాలి.

ఇట్లు,
నీ బోర్డుకి ఊపిరి పోస్తున్న
చీమ

తా.క.: మళ్ళీ చోటు చాల్లేదు, ముఖ్యమైనవన్నీ అంచుకే వస్తున్నాయి. ఒకటి, నమూనాలో ఉన్న మాటలు ఉత్తుత్తివి. అసలు మాటలు వచ్చేదాకా చోటు నింపడానికి ఏదో ఒకటి వేస్తాం, అది మా పద్ధతి. పైన ‘కొట్టు పేరు ఇక్కడ’ అని, కింద ‘ఇక్కడేదో మంచి మాట రాయాలి, ఇంకా తట్టలేదు. కనిపిస్తే ఫోను చేయండి’ అని వేశాను. నంబరు నాన్నది, చేతికి అదే వచ్చింది. దీన్ని పొరపాటున కూడా పెయింటరుకి ఇవ్వకు. రెండు, క్లాసులో చెట్టు వేయమంటే అందరూ ఆకులు విడివిడిగా వేశారు. అలాంటి చెట్టు ఎక్కడైనా ఉంటుందా? చెట్టంటే కాండం మీద ఆకుపచ్చ మబ్బు. నేను నిజం వేశాను. మాస్టారు చాలాసేపు చూసి "నీకు లోకం ఇలాగే కనిపిస్తుందా?" అన్నారు. అంత పెద్ద పొగడ్త నాకెప్పుడూ రాలేదు.

*

చిరంజీవి డిజైనరమ్మకు మేనత్త ఆశీస్సులు.

దివ్యంగా ఉందే! కవరు విప్పి నమూనా పట్టుకుని చూశాను, చేయి చాచి చూశాను, గోడకి ఆనించి నాలుగడుగులు వెనక్కి వేసి చూశాను. ఎటు చూసినా తెల్లగా, చల్లగా, వెన్నెల పరిచినట్టుంది. నడుమ ఆ బూడిద రంగు గీతలు ఉన్నాయా లేవా అన్నట్టున్నాయి. నువ్వన్న ఊపిరి అదేననుకున్నాను.

నచ్చితే ఒక మాట రాయమన్నావు. ఒక్క మాటేం సరిపోతుంది? ఏకంగా పెయింటరుకి ఇచ్చేశాను. నువ్వు బిక్కుబిక్కుమంటూ కూర్చునే రకం, నీ సంగతి నాకు తెలీదా? మేనత్తనన్నాక ఆ మాత్రం చొరవ ఉండొద్దూ. ఆ పెయింటరు నమూనా చూసి, నన్ను చూసి, "అమ్మా, ఉన్నదున్నట్టు ఇదే రాయాలా?" అన్నాడు. "ఇదే" అన్నాను. నిచ్చెనెక్కాక కిందికి వంగి, "నిజంగా ఇదేనా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "మా మేనకోడలు డిజైనరు. చుక్క తేడా వస్తే ఊరుకోను" అన్నాను. పాపం, ఆ తర్వాత నోరెత్తలేదు. దిగి వెళ్తున్నప్పుడు మాత్రం భుజాలు అదురుతున్నాయి. ఎండకి వణుకొచ్చిందేమో.

బోర్డు ఎక్కేసింది! పాత కళ్ళ బోర్డు టైలరు అడిగి తీసుకెళ్ళాడు, కోళ్ళ గూటికి అడ్డం పెట్టుకుంటాడట. నాకు పూర్తిగా నచ్చిందని రాసి సంతకం పెట్టిన కాగితం దీంతో పంపుతున్నాను. మీ మాస్టారి మొహాన కొట్టు.

ఇట్లు,
వీధిలో తలెత్తుకు తిరుగుతున్న
మేనత్త

తా.క.: ఈసారి అల్లిక ఇంకా పొడుగ్గా, ఇంకా సన్నగా గీశావు. నీ చేయి తిరుగుతోంది. సాధన మానకు.

*

అత్తయ్యా! నమస్కారం. కుశలం ఎవరికీ లేదు.

నీ ఉత్తరం చదివి కాళ్ళ కింద నేల కదిలిపోయింది. నియమాలు గాలికొదిలేసి ఫోను చేస్తే, "ఏదున్నా ఉత్తరంలో రాయవే, ఫోను చేస్తే నీ ప్రాజెక్టు పోతుంది" అని నువ్వే పెట్టేశావు. మళ్ళీ చేస్తే ఎత్తలేదు. నన్ను కాపాడుతున్నానని నీ ఉద్దేశం. కాపాడకు అత్తయ్యా, నీ కాళ్ళు పట్టుకుంటాను. కాగితం ఒక్కటే, చెప్పాల్సింది కొండంత, అందుకే పై నుంచి కింది దాకా ప్రాణం బిగబట్టి చిన్నగా రాస్తున్నాను, వదలకుండా చదువు.

ఆ మాటలు ఉత్తుత్తివి! నీ కొట్టు మీద ఇప్పుడు ‘కొట్టు పేరు ఇక్కడ’ అని ఉంది! మంచి మాట నాకింకా తట్టలేదని ఊరంతటికీ చాటింపు వేసి ఉంది! నాన్న ఫోను నంబరు ఉంది! పెయింటరుకి ఇవ్వొద్దని అంచులో అంత స్పష్టంగా రాశాను కదా, చదివి కూడా ఎందుకిచ్చావు? నా మీద కోపమా? చిన్నప్పుడు నీ కొట్టులో అద్దం పగలగొట్టింది నేనే, పిల్లి కాదు. దానికి ఇప్పుడు కక్ష తీర్చుకుంటున్నావా?

మాస్టారు ఏ రోజైనా వచ్చేస్తారు. వెంటనే బోర్డు మీద దుప్పటి కప్పు. దుప్పటి లేకపోతే తెల్ల రంగు పూయించు. ఎలాగూ తెల్లగానే ఉంది, పెద్ద ఖర్చవదు. అకౌంట్స్ పుస్తకాలు నాన్న అప్పుడే తెచ్చి బల్ల మీద పెట్టారు. "ఊరికే, చూస్తావని" అన్నారు. వాటికి అట్టలు కూడా వేశారు అత్తయ్యా. అమ్మ వాటి మీద నీళ్ళ చెంబు పెడుతోంది, నా పక్షాన ఆమె చేయగలిగింది అదే.

ఇట్లు,
నీ
చీమ

తా.క.: అంచు కూడా లేదు.

*

చిరంజీవి చీమకు మేనత్త కోటి దీవెనలు.

నీ ఉత్తరమందింది. ఎంత పనితనమే! కాగితం నిండా పై నుంచి కింది దాకా ఒకటే అల్లిక. పైన ‘అత్తయ్యా’ అన్న పిలుపూ, కింద నీ సంతకమూ మాత్రం వదిలావు. మాటల్లేకుండా ఉత్తరం రాయడం నీకే చెల్లింది. అది నాకు ఎంత నచ్చిందంటే, ఫ్రేము కట్టించి కౌంటరు వెనక గోడకి తగిలించాను. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

వచ్చినవాళ్ళెవరంటావా? అదే చెప్పబోతున్నాను, కూర్చుని చదువు. బోర్డు ఎక్కిన మర్నాడు బస్ స్టాప్‌లో ఒక పెద్దమనిషి కళ్ళు చికిలించి మా వైపే చూస్తున్నాడు. జోడు తీసి తుడిచి మళ్ళీ చూశాడు. లేచి రోడ్డు దాటాడు. బోర్డు కింద నిలబడి మెడ రిక్కించాడు. ఆఖరికి లోపలికొచ్చి "అమ్మా, నా చూపు తగ్గినట్టుంది, ఒకసారి చూస్తారా?" అన్నాడు. ఆయన వెనకే ఒక బ్యాంకు ఉద్యోగిని. ఆమె వెనక ఒక బస్సు డ్రైవరు. "ఆ బోర్డు చదవలేకపోయానమ్మా, ఇక బస్సేం నడుపుతాను!" అని భయపడిపోయాడు పాపం. ఇప్పుడు కుర్చీలు చాలక టైలరు దగ్గర అరువు తెచ్చుకున్నాను. పిల్లి కుర్చీ కూడా పోయింది, అది నా మీద అలిగింది.

ఇంకో వింత. కొత్త జోడు పెట్టుకున్నవాళ్ళు నేరుగా రోడ్డు దాటి, వెనక్కి తిరిగి నా బోర్డు చూస్తారు. పడీ పడీ నవ్వుతారు. ఫోను తీసి ఎవరితోనో ఒక ముక్క మాట్లాడి, హాయిగా బస్సెక్కి పోతారు. చూపు తిరిగొచ్చిన సంతోషం మరి. బ్యాంకామె వెనక్కొచ్చి "మీకు భలే హాస్యమండీ" అంది. నా కబుర్లు ఇన్నాళ్ళకి ఒకరికి నచ్చాయి.

మీ నాన్నకి చెప్పు, నీది దృశ్య భాషేనని. దానికి అర్థం నాకూ తెలియదు గానీ, కొట్టు నిండిపోయింది.

ఇట్లు,
చేతినిండా పనున్న
మేనత్త

తా.క.: ఈ మధ్య నా చేతులు పొట్టివైనట్టున్నాయే. రసీదు చదువుదామని ఎంత దూరం చాచినా చాలడం లేదు. వయసుకి చేతులు కుదించుకుపోతాయా? డాక్టరుని అడగాలి.

*

అత్తయ్యకు చీమ నమస్కారాలు.

నా ఏడుపు ఉత్తరానికి ఫ్రేము కట్టించి కౌంటరు వెనక తగిలించావని చదివాను. నువ్వింత కఠినురాలివని అనుకోలేదు. వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నావు కూడా. అద్దం పగలగొట్టిన సంగతి ఇప్పుడు ఆ బస్సు డ్రైవరుకి కూడా తెలుసన్నమాట. సరే, నేను దానికి తగినదాన్నే.

రెండు రోజులు అన్నం సయించలేదు. మూడో రోజు ఆకలేసి తిన్నాను. తిన్నాక నీ ఉత్తరం మళ్ళీ చదివితే నాకొకటి అర్థమైంది. నువ్వు అన్నీ తెలిసే, కావాలనే ఆ బోర్డు ఉంచావు. నామీద అంత నమ్మకం పెట్టావు. ఉత్తుత్తి మాటలకే కొట్టు నిండిందంటే, అసలు మాటలెందుకని నీ ఉద్దేశం. అత్తయ్యా, నేను నేర్చుకునేది పాఠం, నువ్వు చేసేది వ్యాపారం. ఇక దుప్పటి మాటెత్తను. మాస్టారు ఏమంటే అది పడతాను. నిజానికి నాకు చచ్చేంత భయంగా ఉంది. ఆ అట్టలేసిన పుస్తకాలు రోజూ నా వైపే చూస్తున్నాయి. బొమ్మలు రాకపోయినా నాకు ఈ చదువంటే ఇష్టం. ఒక గీత అటు జరిపితే కాగితమంతా మారిపోవడం చూస్తే ఒళ్ళు పులకరిస్తుంది. లెక్కలో అంకె అటు జరిపితే మాత్రం నాన్న తిడతారు.

మాస్టారు ఈ వారంలోనే వస్తారు. తానెవరో చెప్పరు, మామూలు మనిషిలా వస్తారు. ఆయనకు మంచి కుర్చీ వెయ్యి.

ఇంట్లో ఇంకో గొడవ. నాన్న ఫోనుకి ఎవరెవరో చేసి "కనిపిస్తోందండీ!" అని ఉత్సాహంగా చెప్పి పెట్టేస్తున్నారు. మొదట తిట్టారు. తర్వాత "ఏం కనిపిస్తోంది?" అని ఆరా తీశారు. నిన్నొక ముసలాయన "అంతా కనిపిస్తోంది నాయనా" అన్నాడట. అప్పట్నుంచీ కిటికీలకి తెరలు వేసుకుని కూర్చుంటున్నారు. నేను అన్నం ముద్ద గొంతుకడ్డం పడినట్టు నటించి లేచి వెళ్ళిపోయాను.

ఇట్లు,
నీ ధైర్యంలో సగమైనా లేని
చీమ

తా.క.: అంచు మాట ఒకటి. మాస్టారు రోజూ నల్లబల్ల పైన ఒకే వాక్యం రాసి, కింద రెండు గీతలు కొడతారు. అందరూ తలూపుతారు, నేనూ ఊపుతాను. అక్కడేముందో ఎవరికైనా కనిపిస్తుందంటావా? అంత దూరంలో ఉన్నది ఎవరు మాత్రం చదవగలరు! మర్యాద కోసం ఊపుతున్నారంతే.

*

చీమా, ముందు నా దీవెన అందుకో, తర్వాత తిట్లు.

మీ మాస్టారు వచ్చారు. నాకేం తెలుసు ఆయనేనని? బస్ స్టాప్‌లో నిలబడి చాలాసేపు బోర్డు చూశాడొకాయన. ఇంకో గిరాకీ అనుకున్నాను. లోపలికి రాగానే కుర్చీలో కూర్చోబెట్టి, ఎదుటి గోడ మీది అక్షరాల పట్టీ చదవమన్నాను. "చదవడం తర్వాతండీ, ఈ పట్టీకి నాలుగు వైపులా మార్జిన్ లేదు" అన్నాడు. ఆ మార్జిన్ మాటతో ఈయనే మీ మాస్టారని తెలిసిపోయింది. అప్పటికే పరీక్ష జోడు ఆయన ముక్కు మీదుంది, తీయలేను. చూస్తే ఆయనకి నిజంగానే పవరు మారింది! దగ్గరున్న ఫ్రేములో కొత్త అద్దాలు బిగించి ఇచ్చాను. పెట్టుకుని బయటికెళ్ళాడు. రోడ్డు దాటాడు. వెనక్కి తిరిగాడు.

ఆ తర్వాత ఆయన బస్ స్టాప్ బల్ల మీద కూలబడి కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడే. మెల్లగా వచ్చి నా గుమ్మంలో నిలబడి, ఫోను తీసి నంబరు నొక్కాడు. అవతలి గొంతు నాకు లోపలి దాకా వినిపించింది. "ఎవరండీ? మీకూ కనిపిస్తోందా? అసలేం కనిపిస్తోంది మీ అందరికీ?" ఆ గొంతు మా తమ్ముడిది!

అప్పుడాయన బోర్డు మీదున్నది నాకు చదివి వినిపించాడు. నేను నమ్మలేదు. నిచ్చెన వేసుకుని ఎక్కి, మొహం ఆనించి చూశాను, అప్పటికీ గీతలే. సరే, ఇక దాచి లాభం లేదు. బీరువా అడుగు సొరుగులో ఒక జోడుంది. అది ఎవరిదని అడక్కు, ఎన్నాళ్ళ నుంచి ఉందని అసలు అడక్కు. దాన్ని పెట్టుకుని మళ్ళీ నిచ్చెనెక్కాను. ‘కొట్టు పేరు ఇక్కడ.’ ఓసి నీ దుంప తెగ! వీధి వీధంతా కింద నిలబడి చూస్తుండగా చదివాను. చత్వారం వచ్చిందని ఒప్పుకోలేక అందరికీ జోళ్ళు అమ్మే మహాతల్లిని నేను. నవ్వుకో, పరవాలేదు.

ఆ జోడుతోనే లోపలికొచ్చి నీ అల్లికలన్నీ వరసగా చదివాను. ఫ్రేము కట్టించినది కూడా. అద్దం నువ్వు పగలగొట్టావని నాకు ఆ రోజే తెలుసు, పిల్లికి నీ అంత అపరాధ భావం లేదు. మిగతావి చదివాక మాత్రం నవ్వు ఆగిపోయింది. అది ఇప్పుడు రాయను.

మీ మాస్టారి తీర్పు ఇదీ. "ఈ బోర్డు జనాన్ని లోపలికి తెచ్చింది, కాదనను. కానీ ఇలా తెచ్చిందని ఆ పిల్ల పాసవదు. తనే వచ్చి, నేను నిలబడిన చోట నిలబడి చూసి, తప్పెక్కడుందో ఒక్క వాక్యంలో రాసివ్వాలి. సరిగ్గా రాస్తే మార్కులు, లేకపోతే లేవు" అన్నాడు. ఆదివారం మొదటి బస్సుకి బయలుదేరు.

ఇట్లు,
ముక్కు మీద జోడుతో
మేనత్త

తా.క.: బస్సు దిగాక కొట్టు వైపు చూస్తూ అక్కడే నిలబడు. నేను రోడ్డు దాటి నీ దగ్గరికి వస్తాను. నువ్వు ఒంటరిగా రోడ్డు దాటకు. ఎందుకో వచ్చాక చెప్తాను.

*

అత్తయ్యకు, చీమ సాష్టాంగ నమస్కారాలు.

జరిగిందంతా నీకు తెలుసు. అయినా ఫైల్లో చివరి ఉత్తరం ఉండాలన్నారు మాస్టారు, అందుకని రాస్తున్నాను. రాయాలని కూడా ఉంది.

బస్సు దిగి నిలబడ్డాను. నువ్వు వచ్చి "ఏం కనిపిస్తోందే?" అన్నావు. "బోర్డు ఎప్పుడు తీయించేశావు?" అని అడిగాను. నువ్వు నా చేయి పట్టుకున్నావు. లోపలికి తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి, అద్దాలు మార్చి మార్చి "ఇదా, అదా?" అన్నావు. దూరపు చూపుకి పవరు మైనస్ రెండున్నర అని తేలింది. "చీమ అని పేరైతే పెట్టాను గానీ, ముక్కు ఆనించి ఎందుకు రాస్తోందో ఒక్కసారి చూడలేదే" అని నువ్వు ఏడ్చావు. నిన్ను చూసి నేనూ ఏడ్చాను. జోడు మసకబారింది. తుడుచుకోవాలని అప్పటికి నాకింకా తెలియదు.

ఇన్నాళ్ళూ నేను గొప్పగా చెప్పుకున్న నా శైలి, అత్తయ్యా, మైనస్ రెండున్నర. ఊపిరీ కాదు, వెన్నెలా కాదు. దగ్గరికి లాక్కున్నవే నాకు కనిపించేవి, అందుకే అన్నీ చిన్నగా చేశాను. దూరంగా ఉన్నవి ఎవరికీ కనిపించవనుకున్నాను. బయటికొస్తే టైలరు ఇంటి ముందు చెట్టు ఉంది. దానికి ఆకులున్నాయి! విడివిడిగా! ఒక్కొక్కటీ వేరే వైపు తిరిగి ఉంది! క్లాసులో ఆకులు వేసినవాళ్ళందర్నీ అబద్ధాలకోరులన్నాను. వాళ్ళకి విడివిడిగా క్షమాపణ చెప్పుకోవాలి.

మర్నాడు క్లాసులో మాస్టారికి రాసిచ్చిన వాక్యం ఇది: ‘ఈ బోర్డుని చూసేవాళ్ళు నిలబడే చోట నేను ఎప్పుడూ నిలబడలేదు, నిలబడినా నాకు కనిపించదని తెలియదు.’ ఆయన చదివి, ముందు మార్జిన్ చూసి, తర్వాత నా మొహం చూశారు. నా జోడు చూశారు. పాస్ అని రాశారు. అప్పుడు తల తిప్పి నల్లబల్ల వైపు చూశాను. ఏడాది పొడుగునా నేను తలూపిన వాక్యం ఆ పైనే ఉంది: ‘చివరి బెంచీకి కనిపించేలా రాయండి.’ నాకు నవ్వొచ్చింది. క్లాసంతా తలూపుతుంటే నేనొక్కదాన్నే నవ్వాను.

ఇంకొకటి నీకు తప్ప ఎవరికీ చెప్పలేను. ఆ ఆదివారం నీ దగ్గర్నుంచి ఇంటికొచ్చేసరికి నాన్న గేటు దగ్గర నిలబడి ఉన్నారు. రోజూ అలాగే నిలబడతారు. దూరం నుంచి ఆ ఆకారం కనిపించగానే, ఇవాళ ఏం తిట్లు కాచుకున్నాయోనని తల దించుకుని నడిచేదాన్ని. ఈసారి వీధి మలుపులోనే మొహం కనిపించింది. నవ్వుతున్నారు అత్తయ్యా. నన్ను చూసి నవ్వుతున్నారు. ఇన్నేళ్ళూ నవ్వుతూనే ఉన్నారట, దగ్గరికొచ్చేసరికి నేను తల దించుకుని ఉండటం చూసి నవ్వు ఆపేసేవారట. అమ్మ చెప్పింది.

ఆ అట్టలేసిన పుస్తకాలు నాన్న పక్కింటి పిల్లాడికి ఇచ్చేశారు. "ముక్కూ మొహం తెలియని ఇంతమంది చేత నాకు ఫోను చేయించావంటే నీ చదువులో ఏదో ఉందే" అన్నారు. "అర్థం అడగను, మళ్ళీ ఏడుస్తావు" అని కూడా అన్నారు.

ఇట్లు,
కళ్ళున్న
చీమ

తా.క.: ఈ మాటలు పెద్ద అక్షరాల్లో రాస్తున్నాను కనుక కాగితం రెండో వైపుకి వచ్చేశాను. మార్కులు వచ్చేశాయి, పరవాలేదు. అసలు మాటలతో నీ కొత్త బోర్డు ఎక్కాక నాన్నకి ఫోన్లు రావడం ఆగిపోయింది. ఆయన తెరలన్నీ తీసేశారు గానీ, భోజనం చేస్తూ ఫోను వైపే చూస్తున్నారు. నిన్న కూర వడ్డిస్తుంటే "ఇప్పుడెవరికీ ఏమీ కనిపించడం లేదా?" అని దిగులుగా అడిగారు. నువ్వొకసారి ఆ సొరుగులోని జోడు పెట్టుకుని మీ తమ్ముడికి ఫోను చేయవూ? పెద్దగా ఏం చెప్పక్కర్లేదు. కనిపిస్తోందంటే చాలు.